నక్షత్రం పుట్టుకలో అయస్కాంత క్షేత్రం

నక్షత్రాలు ఎలా పుడతాయి అని అడిగితే మన పాఠ్యపుస్తకాలు ఒకే వాక్యంలో జవాబు చెబుతాయి. అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాలు తమ గురుత్వాకర్షణ వల్ల తామే కుంచించుకుపోయి, వేడెక్కి నక్షత్రాలవుతాయని. వాక్యం నిజమే. పరీక్షలో రాస్తే మార్కులూ వస్తాయి. కానీ ఎమ్మెస్సీలో ఖగోళ భౌతికశాస్త్రం చదువుతున్నప్పుడు ఆ ఒక్క వాక్యం లోపల మూడు చిక్కుముడులు ఉన్నాయని మాకు తెలిసింది. మేఘం అంత ఆలస్యంగా ఎందుకు కుంచించుకుపోతుంది? దాని భ్రమణం ఏమవుతుంది? దానిలోని అయస్కాంతత్వం ఏమవుతుంది? మూడింటికీ సంబంధం ఉన్న బలం ఒకటి ఆ వాక్యంలో లేదు. అదే అయస్కాంత బలం. పదో తరగతిలో దండాయస్కాంతం చుట్టూ ఇనుప రజను చల్లి బలరేఖలు చూసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఈ వ్యాసం అర్థం చేసుకోగలరు. అందుకే మన వార్షికోత్సవ సంచికకు ఈ విషయం ఎంచుకున్నాం.

ముందుగా మేఘం సంగతి. చలికాలం రాత్రుల్లో తూర్పున వరుసగా మూడు నక్షత్రాలు పైకి వస్తాయి. మనవాళ్లు ఆరుద్ర అని పిలిచే ఎర్రని నక్షత్రం కూడా అక్కడే ఉంటుంది. ఆ రాశి పేరు ఒరాయన్. మూడు చుక్కలకు కాస్త పక్కగా మసకమసకగా ఒక మచ్చ కనిపిస్తుంది. అదే ఒరాయన్ నెబ్యులా. మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఇప్పటికీ నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి. కంటికి కనిపించే ఆ మచ్చ వెనుక కంటికి కనిపించని పెద్ద మేఘం ఉంది. అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్ అణువులు. అందుకే ఇలాంటి వాటిని అణుమేఘాలు అంటారు. బరువులో నూటికి ఒక పాలు మాత్రం ధూళి. లోపల ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 263 డిగ్రీల సెల్సియస్, అంటే 10 కెల్విన్.

మేఘం అన్నామని మన వానమేఘంలా ఊహించుకోవద్దు. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. అణుమేఘంలో అదే చోటులో ఉండేవి ఓ వంద, లేకపోతే కొన్ని వేలు. మన ల్యాబులో వాక్యూమ్ పంపుతో ఎంత గాలి లాగినా ఇంత శూన్యం రాదు. అయినా ఆ మేఘం పదుల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంటుంది కాబట్టి మొత్తం కలిపితే వేల సూర్యుళ్ల బరువు తూగుతుంది.

ఇప్పుడు మొదటి చిక్కుముడి. ఘన సెంటీమీటరుకు 100 అణువులున్న మేఘాన్ని పట్టి ఉంచేది ఏమీ లేకపోతే, తన బరువుకు తానే కూలిపోవడానికి సుమారు 30 లక్షల సంవత్సరాలు చాలు. ఖగోళ లెక్కల్లో ఇది చాలా తక్కువ కాలం. మన పాలపుంతలో ఉన్న అణుమేఘాలన్నీ కలిపి దాదాపు 100 కోట్ల సూర్యుళ్ల బరువు ఉంటాయి. వంద కోట్లను ముప్పై లక్షలతో భాగించండి. ఏడాదికి మూడు వందలకు పైగా సూర్యుళ్లు పుట్టాలి. నిజానికి పాలపుంతలో ఏడాదికి పుడుతున్నది ఒకటి రెండు సూర్యుళ్ల బరువు మాత్రమే. మేఘాలన్నీ అలా కూలిపోతూ ఉండడానికి వీల్లేదని బెన్ జుకర్‌మన్, నీల్ ఎవాన్స్ 1974లోనే చూపించారు. వందకు పైగా రెట్ల తేడాను లెక్కలో పొరపాటు అని సరిపెట్టుకోలేం. గురుత్వాకర్షణకు ఏదో అడ్డం పడుతోంది.

ఆ అడ్డు వేడి అయ్యే అవకాశం లేదు. 10 కెల్విన్ దగ్గర వాయువుకు ఉండే పీడనం దేనికీ చాలదు. మరి అయస్కాంత క్షేత్రమా?

ఈ మాట ఒకసారి ఇంటి దగ్గర చెబితే మా అమ్మ వెంటనే అడిగింది, "ఆకాశంలో అయస్కాంతం పెట్టిందెవర్రా?" అని. చదువుకోకపోయినా సరైన ప్రశ్నే వేసింది. ఎవరూ పెట్టలేదు. విద్యుదావేశం ఉన్న కణాలు కదిలితే విద్యుత్ ప్రవాహం, ప్రవాహం ఉన్నచోట అయస్కాంత క్షేత్రం. ఇది ఇంటర్ ఫిజిక్స్. పాలపుంత మొత్తం తిరుగుతూ ఉంది, దానిలోని వాయువు సుడులు తిరుగుతూ ఉంది. ఆ కదలిక చిన్న క్షేత్రాన్ని సాగదీసి, మెలిపెట్టి పెంచుతూ నిలబెడుతుంది. సైకిలు డైనమో తెలుసు కదా, ఆ పేరునే దీన్నీ డైనమో అంటారు.

క్షేత్రం ఉన్నా అది చాలా బలహీనం. భూమి అయస్కాంత క్షేత్రం సుమారు అర గౌస్. అణుమేఘం పలుచని భాగంలో ఉండేది 5 నుంచి 10 మైక్రోగౌస్, అంటే గౌస్‌లో పది లక్షల వంతులు ఐదో పదో. భూమి క్షేత్రంలో యాభై వేల వంతు. ఇంత చిన్న క్షేత్రం వేల సూర్యుళ్ల బరువును ఆపుతుందా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. మేము లెక్క వేసి చూశాం. 10 మైక్రోగౌస్ క్షేత్రం కలిగించే పీడనం, 100 అణువులు 10 కెల్విన్ దగ్గర కలిగించే పీడనం కంటే దాదాపు 30 రెట్లు ఎక్కువ. క్షేత్రం సగమైతే దాని పీడనం నాలుగో వంతు అవుతుంది, ఎందుకంటే పీడనం క్షేత్రం వర్గాన్ని బట్టి మారుతుంది. అప్పుడు కూడా ఏడు రెట్లు ఉంటుంది. బలహీనం అన్నది పక్కన ఉన్నదాన్ని బట్టి చెప్పాల్సిన మాట. అక్కడ వేడి ఇంకా బలహీనం.

అయితే అయస్కాంత క్షేత్రం వాయువును పట్టుకునేది ఎలా? హైడ్రోజన్ అణువుకు ఆవేశం లేదు, దాన్ని అయస్కాంతం పట్టించుకోదు. కానీ విశ్వకిరణాలు మేఘం లోపలికి కూడా దూసుకుపోయి అక్కడక్కడ ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. చిక్కని భాగాల్లో కోటి కణాలకు ఒకటి ఇలా అయాన్ అవుతుంది. ఈ అయాన్లు బలరేఖలకు అతుక్కుని ఉంటాయి. అణువులు అయాన్లను ఢీకొంటూ ఉంటాయి కాబట్టి పరోక్షంగా అవి కూడా కట్టుబడిపోతాయి. బలరేఖలు, వాయువు ఒకదానికొకటి అతుక్కుని కలిసి కదులుతాయన్న సూత్రాన్ని చెప్పినవాడు స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్వెన్. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. తీగకు గుచ్చిన పూసలను గుర్తు తెచ్చుకోండి. పూస తీగ వెంట జారగలదు, తీగకు అడ్డంగా పోవాలంటే తీగను కూడా వంచాలి. వాయువు అంతే. బలరేఖల వెంట జారి ఒకచోట పోగుపడుతుంది, అడ్డంగా కుంచించుకోవాలంటే మాత్రం బలరేఖలను ఒకచోటికి నొక్కాలి. అవి తిరిగి నెడతాయి.

ఆకాశంలో క్షేత్రాన్ని చూసిన కథ

అంత దూరంలో ఉన్న బలరేఖలు ఎలా తెలిశాయన్నది మాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చిన భాగం. 1946లో మన భారతీయ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఒక లెక్క వేశారు. వేడి నక్షత్రాల అంచుల నుంచి వచ్చే కాంతి కొంత ధ్రువణం చెంది ఉండాలని. దాన్ని వెతకడానికి అమెరికాలో హిల్ట్‌నర్, హాల్ అనే ఇద్దరు గ్రహణ జంట నక్షత్రాలను పరిశీలించారు. ధ్రువణం దొరికింది. కానీ గ్రహణం ఉన్నా లేకపోయినా అది మారలేదు. ఒకే వైపున ఉన్న వేర్వేరు నక్షత్రాలన్నింటి కాంతీ దాదాపు ఒకే దిశలో ధ్రువణం చెంది ఉంది. అంటే అది నక్షత్రంలో పుట్టింది కాదు, దారిలో జరిగింది. 1949లో ఈ ఫలితం ప్రకటించారు.

దారిలో ఉన్నది ధూళి. 1951లో డేవిస్, గ్రీన్‌స్టీన్ దీనికి కారణం చెప్పారు. ధూళి రేణువులు గుండ్రంగా ఉండవు, కోలగా ఉంటాయి. అయస్కాంత క్షేత్రంలో అవన్నీ ఒకే తీరులో వరుస కడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇనుప రజను బలరేఖ వెంట పొడవుగా పడుకుంటుంది. ధూళి రేణువు అలా కాదు. అది తన పొట్టి అక్షం చుట్టూ గిర్రున తిరుగుతూ ఆ అక్షాన్ని బలరేఖ వైపు పెడుతుంది, కాబట్టి పొడవు వైపు బలరేఖకు అడ్డంగా ఉంటుంది. పొడవు వైపున కాంతి ఎక్కువగా ఆగిపోతుంది. మిగిలి మనకు చేరే కాంతి బలరేఖ దిశలో ధ్రువణం చెంది ఉంటుంది. అదే ధూళి తానే వెదజల్లే పరారుణ, మిల్లీమీటరు తరంగాల్లో ఇది తలకిందులు, ధ్రువణం బలరేఖకు లంబంగా ఉంటుంది. రేణువులను అలా నిలబెట్టడంలో నక్షత్రకాంతి తోపుడుకే ఎక్కువ పాత్ర ఉందని ఇప్పుడు భావిస్తున్నారు. మన దేశంలో నైనిటాల్ దగ్గరి ఏరీస్ సంస్థలో 104 సెంటీమీటర్ల టెలిస్కోపుకు ధ్రువణమాపకం బిగించి ఈ పరిశీలనలు చేశారు.

దిశ తెలిసింది. మరి బలం? 1953లో చంద్రశేఖర్, ఎన్రికో ఫెర్మీ కలిసి ఒక ఉపాయం చెప్పారు. హాస్టల్ వెనుక బట్టలారేసే తీగలు చూడండి. బిగుతుగా కట్టిన తీగ గాలికి కొంచెమే ఊగుతుంది, వదులుగా ఉన్నది బాగా ఊగుతుంది. గాలి వేగం తెలిసి, ఊపు ఎంతో కొలిస్తే తీగ బిగువు చెప్పవచ్చు. మేఘంలో గాలి అంటే వాయువు అల్లకల్లోలం, ఊపు అంటే ధ్రువణ దిశల్లో కనిపించే చెదురు. ఈ పద్ధతిలో వాళ్లు పాలపుంత చేతుల్లో క్షేత్రం సుమారు 7 మైక్రోగౌస్ అని లెక్కగట్టారు. కంప్యూటర్లు లేని రోజుల్లో కాగితం మీద వచ్చిన ఆ సంఖ్య ఇప్పటి కొలతలకు దగ్గరగానే ఉంది. ఒరాయన్ మీద, ఇతర మేఘాల మీద నేటికీ ఈ పద్ధతే వాడుతున్నారు.

రెండో పద్ధతి జీమన్ ఫలితం. ఎమ్మెస్సీ ల్యాబులో పాదరస దీపాన్ని విద్యుదయస్కాంతం మధ్య పెట్టి ఆకుపచ్చ రేఖ చీలడం మేమంతా చూశాం. అక్కడ క్షేత్రం కొన్ని వేల గౌస్. మేఘంలో ఉన్నది మైక్రోగౌస్‌లు. చీలిక ఎంత తక్కువంటే అణువుల కదలిక వల్ల రేఖకు వచ్చే వెడల్పులోనే అది మునిగిపోతుంది. కానీ చీలిన రెండు భాగాలూ వృత్తాకారంగా, ఒకటి కుడివైపు, మరొకటి ఎడమవైపు ధ్రువణం చెంది ఉంటాయి. రెండింటినీ విడివిడిగా తీసుకుని ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే చిన్న తేడా మిగులుతుంది. ఇలా హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో రేఖలో కొలవవచ్చని 1957లో బోల్టన్, వైల్డ్ సూచించారు. 1968లో వెర్షూర్ కొలిచి చూపించారు. సూచనకు, కొలతకు మధ్య పదకొండేళ్లు.

గంజి వార్చినట్టు

క్షేత్రం అడ్డుకుంటుంది సరే, ఎప్పటికీ అడ్డుకుంటే సూర్యుడే ఉండేవాడు కాదు, మనమూ ఉండేవాళ్లం కాదు. కాబట్టి ఎక్కడో వదలాలి. 1956లో మెస్టెల్, స్పిట్జర్ ఒక దారి చెప్పారు. బలరేఖలకు అతుక్కున్నవి అయాన్లు మాత్రమే. అణువులు వాటిని ఢీకొంటూ ఆగుతున్నాయి తప్ప నేరుగా కట్టుబడి లేవు. అయాన్లు బాగా తక్కువగా ఉన్నచోట అణువులు వాటి సందుల్లోంచి మెల్లగా లోపలికి జారగలవు. గంజి వార్చేటప్పుడు మూత అన్నాన్ని ఆపుతుంది, గంజి సందులోంచి కారిపోతుంది. ఇక్కడ కారేది వాయువు, ఆగేది బలరేఖలూ అయాన్లూ. ఇలా నడిమధ్య ద్రవ్యం పెరుగుతూ, క్షేత్రం అంతగా పెరగక, ఒక హద్దు దాటాక గురుత్వాకర్షణ గెలుస్తుంది. ఈ జారుడుకు స్వేచ్ఛగా కూలే కాలానికి దాదాపు పది రెట్లు పడుతుంది. ఆలస్యానికి కారణం దొరికినట్టే అనిపించింది. చాలా ఏళ్లు ఈ సిద్ధాంతానిదే పైచేయి.

తర్వాత మరో వాదం బలపడింది. మేఘాల్లో వాయువు ధ్వనివేగాన్ని మించి అల్లకల్లోలంగా కదులుతోందని, ఆలస్యానికి అసలు కారణం అదేనని, అయస్కాంతానిది రెండో స్థానమని. ఈ తగాదా కొలతలతోనే తేలాలి. జారుడు సిద్ధాంతం నిజమైతే మేఘం మధ్యభాగంలో క్షేత్రంతో పోలిస్తే ద్రవ్యం పాలు అంచుల కంటే ఎక్కువ ఉండాలి. 2009లో క్రచర్, ఆయన సహచరులు నాలుగు మేఘాల్లో జీమన్ పద్ధతితో కొలిచి చూశారు. ఫలితం ఆ అంచనాకు ఎదురుగా వచ్చింది. నాలుగు మేఘాలతో తీర్పు చెప్పలేరని, లెక్కించిన తీరు సరిగా లేదని జారుడు సిద్ధాంతం వైపు నిలిచిన మౌస్కోవియాస్ వాదించారు. మాకు ఇద్దరి వాదనలోనూ బలం కనిపించింది. ఒక్కో కొలతకు టెలిస్కోపు ఎన్నో గంటలు ఒకేచోట చూడాలి, కాబట్టి నాలుగు మేఘాలు తక్కువేమీ కాదు. అయితే సిద్ధాంతాన్ని పడగొట్టడానికి అవి ఎక్కువా కాదు.

మొత్తం మీద కొలతలు చెబుతున్నది ఇదీ. ఘన సెంటీమీటరుకు 300 కణాల వరకు మేఘం చిక్కబడినా క్షేత్రం పెద్దగా పెరగదు, గరిష్ఠంగా 10 మైక్రోగౌస్ దగ్గరే ఉంటుంది. అంటే ఆ దశలో వాయువు బలరేఖల వెంట జారి పోగవుతోంది. ఆ తర్వాత క్షేత్రం కూడా సాంద్రతతో పాటు పెరుగుతుంది. చిక్కని గుండెభాగాల్లో గురుత్వాకర్షణే పైచేయి, కానీ రెండు మూడు రెట్ల తేడాతోనే. ప్లాంక్ ఉపగ్రహం 2009 నుంచి 2013 వరకు ఆకాశమంతా చూసి ఇచ్చిన పటాల్లో కూడా ఇదే తీరు కనబడింది. పలుచని పోగులు బలరేఖలకు సమాంతరంగా, చిక్కని పోగులు లంబంగా ఉన్నాయి. తీగ, పూసల బొమ్మ గుర్తుంటే ఇది ఆశ్చర్యం కలిగించదు. 2006లో హవాయిలోని సబ్‌మిల్లీమీటర్ అర్రే టెలిస్కోపులు సుమారు 1,000 కాంతి సంవత్సరాల దూరంలో ఎన్‌జీసీ 1333 అనే చోట, పుడుతున్న నక్షత్రం చుట్టూ బలరేఖలు అచ్చం ఢమరుకంలా నడుము దగ్గర నొక్కుకుపోయి ఉండటం చూపించాయి. వాయువు బలరేఖలను లోపలికి ఈడ్చుకుపోతోందనడానికి ఇంతకంటే మంచి బొమ్మ మాకు కనిపించలేదు.

భ్రమణం ఎక్కడికి పోయింది?

రెండో చిక్కుముడి కోణీయ ద్రవ్యవేగానిది. చేతులు చాచి గిర్రున తిరిగేవాడు చేతులు దగ్గరికి లాక్కుంటే ఇంకా వేగంగా తిరుగుతాడు. వ్యాసార్థం సగమైతే భ్రమణకాలం నాలుగో వంతు అవుతుంది. కాంతి సంవత్సరంలో మూడో వంతు వ్యాసార్థం ఉన్న మేఘపు ముద్ద కోటి సంవత్సరాలకు ఒక్క చుట్టు తిరుగుతోందనుకుందాం. అదే తిరుగుడు కదా, లేనట్టే అనిపిస్తుంది. దాన్ని సూర్యుడంత చేస్తే వ్యాసార్థం 40 లక్షల రెట్లకు పైగా తగ్గుతుంది. దాని వర్గం చేస్తే భ్రమణకాలం 20 సెకన్ల లోపుకు పడిపోతుంది. సూర్యుడు మూడు గంటల కంటే బాగా తక్కువ సమయంలో ఒక చుట్టు తిరిగితే నిలవలేడు, ముక్కలై ఎగిరిపోతాడు. నిజానికి సూర్యుడు మధ్యరేఖ దగ్గర ఒక చుట్టు తిరగడానికి 25 రోజులు తీసుకుంటున్నాడు. సౌరకుటుంబం బరువులో నూటికి 99 పాళ్లకు పైగా సూర్యుడిలో ఉన్నా, కోణీయ ద్రవ్యవేగంలో 1 శాతం కూడా ఆయన దగ్గర లేదు. 1796లో లాప్లాస్ చెప్పిన నెబ్యులా సిద్ధాంతానికి ఇదే పెద్ద అడ్డంకిగా నిలిచింది.

ఉయ్యాలలో కూర్చుని గిర్రున తిరగండి. తాళ్లు మెలిపడతాయి, మెలిపడే కొద్దీ మిమ్మల్ని ఆపుతాయి. బలరేఖలు చేసేది అదే. ఒక కొన తిరుగుతున్న మేఘంలో, మరో కొన బయటి నిశ్చల వాయువులో ఉంటుంది. మెలి అలలాగా బయటికి పాకి భ్రమణాన్ని బయటికి మోసుకుపోతుంది. తరువాతి దశలో నక్షత్రం చుట్టూ ఉన్న పళ్లెం నుంచి బలరేఖల వెంట వాయువు రెండు వైపులా సెకనుకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో చిమ్ముకుపోతుంది. తడిబట్టను తిప్పితే నీళ్లు చిమ్మినట్టు ఆ ధారలు కూడా భ్రమణాన్ని పట్టుకుపోతాయి. ఒరాయన్‌లోని హెచ్‌హెచ్ 212 అనే ధార తన అక్షం చుట్టూ తిరుగుతోందని 2017లో ఆల్మా టెలిస్కోపులు చూపించాయి.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. 2003 ప్రాంతంలో కంప్యూటర్ లెక్కలు చేస్తే ఈ బ్రేకు మరీ గట్టిగా పడింది. భ్రమణమంతా పోయి పళ్లెమే ఏర్పడలేదు. పళ్లెం లేకపోతే గ్రహాలు లేవు, భూమి లేదు. ఇటు చూస్తే సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలోని హెచ్‌ఎల్ టౌరి నక్షత్రం చుట్టూ వలయాలు వలయాలుగా ఉన్న చక్కని పళ్లేన్ని 2014లో ఆల్మా ఫొటో తీసింది. లోపలి చిక్కటి చీకటి భాగంలో అయాన్లు దాదాపు లేకపోవడం వల్ల బలరేఖలు పట్టు వదులుతాయని, అల్లకల్లోలం కూడా బ్రేకును సడలిస్తుందని ఇప్పుడు లెక్కల్లో చేర్చుతున్నారు. అప్పుడు పళ్లెం వస్తోంది.

పట్టు వదలడమే మూడో చిక్కుముడికి కూడా జవాబు. బలరేఖలు ఒక్కటీ పోకుండా వాయువుతో పాటు లోపలికి వస్తే, పైన భ్రమణానికి వాడిన గుణకంతోనే క్షేత్రం కూడా పెరగాలి. 10 మైక్రోగౌస్‌తో మొదలైనది దాదాపు 20 కోట్ల గౌస్ కావాలి. పసి నక్షత్రాల మీద కొలిచింది రెండు మూడు వేల గౌస్. మిగతా అభివాహం అంతా దారిలో ఎక్కడో జారిపోయింది. ఎక్కడ, ఎప్పుడు అన్నదే ప్రస్తుతం నడుస్తున్న పరిశోధన. చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ రేడియో టెలిస్కోపు 2022లో వృషభరాశిలోని ఎల్1544 అనే ముద్ద బయటి పొరలో క్షేత్రాన్ని కొలిచింది. నక్షత్రం ఇంకా పుట్టని ముద్ద అది. వచ్చిన విలువ 4 మైక్రోగౌస్ లోపే. ఆ పొరలోనే గురుత్వాకర్షణ హద్దు దాటేసిందని, అంటే పాత లెక్కలు చెప్పినదానికంటే ముందే అయస్కాంతం పట్టు వదిలిందని ఆ బృందం చెప్పింది. ఇది ఒక్క ముద్ద సంగతి. ఇలాంటివి మరిన్ని కొలవాలి.

ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక లెక్క. హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేఖ పౌనఃపున్యం 1420 మెగాహెర్ట్జ్. జీమన్ చీలిక మైక్రోగౌస్‌కు 2.8 హెర్ట్జ్. క్షేత్రం 4 మైక్రోగౌస్ అయితే చీలిక ఎంత? వాయువు సెకనుకు 1 కిలోమీటరు వేగంతో అటూ ఇటూ కదులుతుంటే డాప్లర్ సూత్రం ప్రకారం రేఖ ఎంత జరుగుతుంది? కాంతివేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు తీసుకోండి. జవాబులు: సుమారు 11 హెర్ట్జ్, సుమారు 4,700 హెర్ట్జ్. ఆ 4,700లో ఈ 11ను పట్టుకోవడమే ఆ టెలిస్కోపు చేసిన పని.